విరిగిన చేతికి ఏది మేలు: నరమామిడి చెక్కా, నల్లేరా, సిమెంటు కట్టా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి జారిపడ్డవాణ్ణి మంచం మీదకి చేర్చేలోపే చుట్టూ మూగిన జనం రెండు జట్లవుతారు. ఒక జట్టు 108కి ఫోన్ చెయ్యమంటుంది. రెండో జట్టు, "ఆస్పత్రికెళ్తే రాడ్డు ఏసేస్తారు బాబూ, పక్కూళ్ళో కట్టు కట్టే ఆయనున్నాడు, మూడు కట్లకి లేచి నడుస్తాడు" అంటుంది. ఈ రెండింటి మధ్య ఎవరో మామ్మ గొంతు వినిపిస్తుంది: "ముందు నల్లేరు పచ్చడి పెట్టండర్రా." ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజముంది. ఏ దెబ్బకి ఏది అన్న దగ్గరే లెక్క తప్పుతుంది.

నాటు కట్టులో అసలు సరుకు నరమామిడి చెక్క, అంటే ఆ చెట్టు బెరడు. పేరులో మామిడి ఉన్నా ఆ చెట్టుకి మామిడితో చుట్టరికం లేదు. దాల్చినచెక్క, బిర్యానీ ఆకు, కర్పూరం, అవకాడో పుట్టిన కుటుంబం దానిది. మందస, మెళియాపుట్టి వైపు కొండల్లోనూ, సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీలోనూ సవర, జాతాపు గిరిజనులకి అది పాత నేస్తం. (ఆ ఏజెన్సీ 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయింది గానీ మా నోటికింకా సిక్కోలూ, ఇజీనారమే, అంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలే.) మధ్యరకం ఎత్తు చెట్టు, కొమ్మల చివర గుత్తులుగా ఆకులు, పసుపుపచ్చ చిన్న పూలు, పండితే నల్లటి గుండ్రటి కాయలు. గింజలో కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వుతో కొన్నిచోట్ల సబ్బులు, కొవ్వొత్తులు చేసేవారు. ఆకు పశువులు తింటాయి. కలప అంత గొప్పది కాదు. విలువంతా చెక్కలో ఉంది, చెక్కలోని బంకలో ఉంది.

ఎండిన చెక్కని దంచి, జల్లించి, నీళ్ళు పోసి కలిపితే జారుడు ముద్దవుతుంది. వేళ్ళతో పైకి లాగితే తీగలా సాగుతుంది. సాగకుండా ఇసకలా విడిపోతే అందులో వేరే పొట్టు కలిసిందనుకోవాలి. కొందరు నీళ్ళకి బదులు కోడిగుడ్డు తెల్లసొన వాడతారు, కొందరు పసుపు కలుపుతారు. దెబ్బ మీద మందంగా పట్టించి, గుడ్డ చుట్టి, అవసరమైతే పైన వెదురు బద్దలు పెట్టి కడతారు. ఆరేకొద్దీ అది బిగుసుకుని అట్టలా గట్టిపడుతుంది. అంటే మన పెద్దలు చేసింది ఒక రకం పిండికట్టే. కదలనివ్వకపోవడమే దాని మొదటి గుణం. నొప్పి, వాపు తగ్గించే గుణం కూడా ఈ చెట్టులో ఉందని ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. ఎలుకల్లో కనిపించిందల్లా మనిషి ఎముకకి వర్తిస్తుందని మాత్రం నేననను.

ఇప్పుడు ఆస్పత్రిలో వేసే సిమెంటు కట్టు సంగతి. జిప్సం రాయిని కాల్చి నీరు పోగొట్టిన పొడిని గుడ్డకి పట్టించి, తడిపి చుడితే నిమిషాల్లో రాయవుతుంది. 1852లో మాథైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు ఈ పద్ధతిని అచ్చులో పెట్టాడు. గట్టితనంలో నరమామిడి దీనికి సాటిరాదు. అయితే అసలు తేడా గట్టితనంలో లేదు. ఎముక ఎక్కడ విరిగింది, ఎన్ని ముక్కలైంది, ముక్కలు ఎటు తిరిగాయి అన్నది కట్టు వేసే ముందు ఎక్స్‌రేలో కనిపిస్తుంది. చెక్క ముద్దయినా సిమెంటయినా విరిగిన ఎముకని అతకవు. అతుక్కునే పని ఎముక తనంతట తానే చేసుకుంటుంది, మంచి వయసువాళ్ళకి చేతిలో సుమారు ఆరు వారాల్లో, కాలి పెద్ద ఎముకలో మూడు నెలలో ఇంకా ఎక్కువో పట్టొచ్చు. చిన్నపిల్లలకి ఇంకా తొందర. కట్టు వేసేవాడి పనల్లా ముక్కల్ని ఎదురెదురుగా నిలబెట్టి అంతకాలం కదలకుండా చూడటం. వంకరగా నిలబెడితే ఎముక వంకరగానే అతుక్కుంటుంది. మూడు కట్లకి నడిచినవాళ్ళ కథలు నిజమే కావచ్చు. వాళ్ళలో చాలామందికి బెణుకో, పక్కకి జరగని చిన్న పగులో అయ్యుంటుంది. దానికి ఎవరు కట్టినా నడిచేవారే.

కాబట్టి నా తీర్పు ఇది. కాలు మడతపడి చీలమండ వాచింది, నాలుగడుగులు వెయ్యగలుగుతున్నారు, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి లేదు. అలాంటప్పుడు నరమామిడి పట్టు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సిమెంటు కట్టు వేయించుకోవడం అక్కడ దండగ. అడుగు పడటం లేదు, చెయ్యి ఆకారం మారింది, కదిపితే లోపల కరకరమంటోంది, అలాగైతే ముందు ఎక్స్‌రే. తోలు చీలి ఎముక బయటపడితే పొడులూ ముద్దలూ ఏవీ తగలకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకుపోవాలి. స్నానాలగదిలో జారిన అమ్మమ్మకి కాలు పొట్టిగా, పాదం పక్కకి వాలిపోయి కనిపిస్తే తుంటి దగ్గర ఎముక విరిగినట్టే. దానికి నాటు కట్టూ చాలదు, సిమెంటు కట్టూ చాలదు, ఎక్కువమందికి ఆపరేషనే దారి. ఆరోగ్యశ్రీ పేరు మారి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. ఆ కార్డు మీద ఏమేం వస్తాయో ఆస్పత్రి గుమ్మంలోనే అడగండి. శ్రీకాకుళంలో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ పెద్దాస్పత్రి ఉంది, విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ఒకప్పుడు ఎముక విరిగితే విశాఖ కేజీహెచ్ దాకా పోవాలన్న భయంతోనే సగంమంది నాటు కట్టుకి పోయేవారు. ఇప్పుడా భయానికి అంత పని లేదు.

నాటు కట్టులో నన్ను ఎక్కువ భయపెట్టేది ముద్ద కాదు, బద్దల మీద బిగించే తాడు. దెబ్బ తగిలిన మొదటి రోజు, రెండో రోజు వాపు పెరుగుతుంది. పైన కట్టు సాగదు. లోపల ఒత్తిడి పెరిగి కండకి రక్తం అందదు. ఆరేడు గంటలు అలాగే ఉంటే కండ చచ్చిపోతుంది, వేళ్ళు గద్దకాళ్ళలా ముడుచుకుపోయి జీవితాంతం అలాగే ఉండిపోతాయి. అందుకే ఆస్పత్రిలో తెలిసినవాళ్ళు మొదటిరోజే చుట్టూ సిమెంటు పోయకుండా ఒక పక్క సగం కట్టు వేసి పంపి, వాపు దిగాక పూర్తి కట్టు వేస్తారు. సిమెంటు కట్టు కింద కూడా ఈ ప్రమాదం ఉంది, మినహాయింపేమీ లేదు. ఏ కట్టయినా సరే, వేళ్ళు నీలమైనా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేలు కొద్దిగా చాపితే ఓర్చుకోలేని నొప్పి వచ్చినా, అర్ధరాత్రయినా సరే కట్టు విప్పించాలి. "తెల్లారాక చూద్దాంలే" అన్నమాటకి చేతులు పోయిన సందర్భాలు వైద్యులకి కొత్త కాదు.

నరమామిడి వైపు మొగ్గే కారణం ఒకటుంది, అది మా ఉద్దానానికి మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతలా పాకిందో చెప్పక్కర్లేదు. పలాసలో దానికోసం ప్రత్యేకంగా ఆస్పత్రే కట్టారు. ఒళ్ళునొప్పులకి మందులషాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. బెణుకుకి పదిరోజులు ఆ మాత్రలు మింగడం కన్నా పైపూతగా చెక్క ముద్ద పట్టించడం అలాంటి మనిషికి నయం. ఎముకే విరిగి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు కూడా కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో డాక్టరుకి ముందే చెప్పాలి. ఆయన మందు మారుస్తారు.

ఇక నల్లేరు. కట్టులతో దీన్ని పోటీపెట్టడమే తప్పు, ఎందుకంటే ఇది లోపలికి తినేది. 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ కె.ఎన్. ఉడుప బృందం జంతువుల మీద ప్రయోగించి, ఎముక అతుక్కోవడాన్ని నల్లేరు త్వరపెడుతుందని రాసింది. మామ్మ మాట ఉత్తిది కాదన్నమాట. లేత కణుపులు తీసుకుని, చేతులకి నూనె రాసుకుని ఈనెలు తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు వేసి పచ్చడి చేస్తారు. వేయించడం తగ్గినా చింతపండు తగ్గినా గొంతు దురద. దానికి కారణం అందులోని ఆక్సలేటు సూదులు. అవే సూదులు కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళకి, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకి మంచివి కావు. మిగతావాళ్ళు కట్టు ఏదైనా వేయించుకుని పక్కన నల్లేరు తినొచ్చు. పాలు, గుడ్లు, చోడి (రాగి) అంబలి మానేసి నల్లేరొక్కటే నమ్ముకుంటే మాత్రం లాభం లేదు.

సిమెంటు కట్టు విప్పాక కీలు బిగుసుకుని ఉంటుందే, అక్కడ నరమామిడికి మళ్ళీ చోటుంది. గోరువెచ్చగా పలచగా పూసి, కడిగేశాక కీలుని మెల్లగా ఆడించుకోవచ్చు. బద్దలు కట్టకూడదు. ఆ దశలో కీలు కదలాలి, కదలకపోతే కీలు పోతుంది.

చెక్క ఎక్కడ దొరుకుతుందంటే, ఆయుర్వేద దినుసుల కొట్లలో మైదా లకడీ పేరుతో పొడి అమ్ముతారు. సంతలో ముక్కలు దొరికితే ముక్కలే మేలు, కల్తీ కనిపిస్తుంది. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో కూడా నరమామిడి చెక్క ఉంది. అయితే ఎముకల కోసం పోయే చెక్క ఎంతని? అసలు గిరాకీ అగరబత్తీలది. బొగ్గుపొడినీ సువాసన పొడినీ పుల్లకి పట్టించి ఉంచేది ఈ బంకే, జిగట్ అంటారు దాన్ని. అది తనూ సమంగా కాలుతుంది గనక వేరే జిగురు అంత తేలిగ్గా దీని చోటు తీసుకోలేదు. ఆ గిరాకీకి అడవిలో చెట్టు నిలువునా ఒలిచేశారు, మన కొండల్లో పెద్ద మానులు అరుదైపోయాయి.

ఇక్కడ కూడా ఏది మేలన్న ప్రశ్న ఉంది, జవాబు వింతగా తోస్తుంది. నిలబడ్డ చెట్టుకి చుట్టూ చెక్క ఒలవడం కన్నా చెట్టుని మొదట్లో నరికెయ్యడమే మేలు. చుట్టూ ఒలిస్తే ఆకులు చేసిన ఆహారం వేళ్ళకి దిగే దారి తెగిపోతుంది. చెట్టు కొన్నాళ్ళు పచ్చగానే కనిపిస్తూ వేళ్ళు మాడి మొత్తం చచ్చిపోతుంది. నేలకి కొంచెం పైన శుభ్రంగా నరికితే మోడు చిగురిస్తుంది, కొన్నేళ్ళకి మళ్ళీ చెక్కకొస్తుంది. నరికిన మానుకీ కొమ్మలకీ ఉన్న చెక్కంతా దక్కుతుంది కూడా. వియత్నాం మధ్య కొండల్లో గిరిజన రైతులు కర్రపెండలం, కాఫీ తోటల్లో ఇదే చెట్టుని పంటగా వేసి, ఇలాగే నరికి చిగురింపజేస్తారు. మన అగరబత్తీ కార్ఖానాలకి అక్కడినుంచి జిగట్ దిగుమతవుతోంది. మన కొండమీది చెట్టుని మనం చంపుకుని వాళ్ళ చెట్టు పొడి కొనుక్కుంటున్నాం. పోడు పట్టా చేతిలో ఉన్న సవర రైతు జీడిమామిడి తోట గట్టున వరసగా నరమామిడి వేసుకుంటే జీడి ఏటా వస్తుంది, చెక్క కొన్నేళ్ళకోసారి వస్తుంది, ఒకదానికొకటి అడ్డు కాదు. జీడి తీసేసి మొత్తం నరమామిడే వెయ్యమని మాత్రం చెప్పను. ఏటా చేతిలో పడే డబ్బుని వదులుకునే స్తోమత ఆ ఇళ్ళలో ఎవరికుంది?

కొంచెం చెక్క చాలనుకుంటే నరకక్కర్లేదు, ఒక కొమ్మ కోసి దాని చెక్క ఒలుచుకోండి. ఇంటి వాడకానికి అది బోలెడు. పెరట్లో వేసుకునేవాళ్ళకి ఒక్క మాట: ఈ చెట్టులో ఆడది వేరు, మగది వేరు. చెక్కకైతే ఏదైనా ఒకటే. విత్తనం కూడా కావాలంటే ఒక్క మొక్కతో సరిపెట్టకుండా నాలుగైదు వెయ్యండి.