రామభద్ర ఫాంట్: పాత బోర్డుల బలం, వత్తుల దగ్గర జాగ్రత్త

అష్టదిగ్గజ కవి అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టిన ఈ తెలుగు ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి వ్యాపార పనులకూ వాడుకోవచ్చు. గీత లావుగా, నిండుగా ఉంటుంది. బ్రష్‌తో రాసిన పాత దుకాణం బోర్డుల కళ కావాలంటే మంచి ఎంపిక. టిఫిన్ సెంటర్ ఫ్లెక్స్, నాటకం పోస్టర్, పచ్చడి సీసా లేబుల్ మీద పేరు చక్కగా నిలబడుతుంది.

ఇందులో ఉన్నది ఒకే మందం. దాని మీద మళ్లీ బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ గీతను బలవంతంగా ఉబ్బిస్తుంది. థ లోపలి చుక్క పూడుకుపోయి 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో స్క్రీన్ ప్రింటింగ్‌కి ఇచ్చే శుభలేఖల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, సిరా కొంచెం పాకుతుంది కనుక. 24 పాయింట్ల కంటే తగ్గించకండి. చిరునామా, ముహూర్తం వేరే సన్నని ఫాంట్‌లో పెట్టండి.

రెండు లైన్ల శీర్షికైతే 48 పాయింట్ల అక్షరానికి 68 దాకా లీడింగ్ (లైన్ల మధ్య దూరం) ఇవ్వాలి, లేకపోతే పై లైను వత్తులు కింది గుడిదీర్ఘాలకు తగులుతాయి. ముందు 'రాష్ట్రం', 'స్త్రీ' టైప్ చేసి చూడండి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో వత్తులు విడిపోతే తప్పు ఫాంట్‌ది కాదు, టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. యూనికోడ్ కాని అను డీటీపీ ఫాంట్లలో కొట్టిన పాత మేటర్ యూనికోడ్‌లోకి మార్చకుండా అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి. ప్రెస్‌కి పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్స్‌గా (ఫాంట్ అవసరం లేని ఆకారాలుగా) మార్చడం మరవద్దు.