ఫెర్మెంటేషన్ కిట్: ట్యూబులకి ఫుల్ మార్కులు, పుస్తకానికి సున్నా

పెట్టె మీద "ఆక్సిజన్ లేకుండా చక్కెర నుంచి శక్తి" అని పెద్ద అక్షరాలతో ఉంటే ల్యాబ్‌లో పిల్లలకి చూపించొచ్చని తెప్పించాను. 5కి 3 ఇస్తున్నా, ఆ 3 కూడా ట్యూబులకే.

లోపల ఫినాల్ రెడ్ (ఆమ్లం తగిలితే ఎరుపు నుంచి పసుపుకి తిరిగే రంగు) కలిపిన గ్లూకోజ్ ద్రవం, ప్రతి ట్యూబులో తలకిందులుగా, గ్యాస్ పుడితే బుడగగా పట్టుకునే ఒక చిన్న డర్హమ్ ట్యూబు, రెండు బ్యాక్టీరియా కల్చర్లు: హాని చెయ్యని ల్యాబ్ రకం ఈ.కోలై, లాక్టోకాకస్. 24 గంటలకి రెండూ ఎరుపు నుంచి పసుపుకి తిరిగాయి, బ్యాక్టీరియా వెయ్యని ట్యూబు ఎర్రగానే ఉంది. వంక పెట్టడానికేమీ లేదు.

గొడవంతా కిట్‌తో వచ్చిన పుస్తకంతోనే. "బుడగ వస్తేనే ఫెర్మెంటేషన్" అట! లాక్టోకాకస్ ట్యూబులో బుడగ రాలేదు, ఒకమ్మాయి "ఇది చచ్చిపోయిందా సార్?" అని అడిగేసింది. చావలేదమ్మా, అది గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్‌ని నేరుగా లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తుంది, ఆ దారిలో గ్యాస్ పుట్టదు. ఈ.కోలై అలా కాదు, ఎసిటిక్, లాక్టిక్, సక్సినిక్, ఫార్మిక్ ఆమ్లాలు, పైగా ఇథనాల్, అన్నీ కలగాపులగంగా చేసి, అందులో ఫార్మిక్ ఆమ్లాన్ని హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. కార్బన్ డయాక్సైడ్ చాలావరకు ద్రవంలో కరిగిపోతుంది కాబట్టి ఆ బుడగలో ఎక్కువగా ఉండేది హైడ్రోజనే.

అసలు లోపం ఇంకోటి. ఒక గ్లూకోజ్‌కి 2 ఏటీపీలు (కణం శక్తి కోసం ఖర్చుపెట్టుకునే అణువులు) మిగులుతాయని రాసి అక్కడితో ఆపేశారు. ఆ రెండూ గ్లూకోజ్‌ని పైరువేట్‌గా విరగ్గొట్టే గ్లైకాలిసిస్‌లోనే వచ్చేశాయి కదా, మరి తర్వాత ఆమ్లం చేసే శ్రమ బ్యాక్టీరియాకి ఎందుకు? చక్కెరని విరగ్గొట్టేటప్పుడు ఊడిన ఎలక్ట్రాన్లని ఎన్‌ఏడీ అనే అణువు మోస్తుంది, కణంలో ఉండే ఎన్‌ఏడీ కొంచెమే, దాని బరువు దింపకపోతే తర్వాతి గ్లూకోజ్ ముట్టుకోవడానికి ఉండదు. దించుకోవడానికి ఆక్సిజన్ లేదు, అందుకని ఆ బరువుని పైరువేట్ మీదే వేసి, తయారైన లాక్టిక్ ఆమ్లాన్ని బయటికి తోసేస్తుంది. మనకి కనపడే పసుపు రంగు ఆ తోసేసిన సరుకు వల్లే. ఈ ముక్క లేకుండా ఈ పాఠం ఎలా చెప్తారో నాకర్థం కాలేదు. (ఎసిటిక్ ఆమ్లం చేసేటప్పుడు ఈ.కోలైకి ఇంకాస్త ఏటీపీ దక్కుతుంది, అదీ వాళ్ల లెక్కలో లేదు.)

ఇంకోటి, మూతలు దూదివి. గాలి తగులుతూనే ఉంటుంది. అడుగున ఉన్న ఆక్సిజన్‌ని బ్యాక్టీరియా త్వరగానే వాడేస్తుంది, నిజమే, కానీ "ఆక్సిజన్ లేకుండా" అని పెట్టె మీద వేసుకున్నాక పైన పొయ్యడానికి కాస్త పారఫిన్ ఆయిల్ అయినా ఇవ్వాలి కదా. ఫోన్ చేసి అడిగితే "రంగు మారింది కదా సార్, ఇంకేం ప్రాబ్లం?" అన్నారు. ల్యాబ్‌లో ఉన్న స్టెరైల్ ఆయిలే పోసి ఇంకోసారి పెట్టాను. మర్నాటికి ఆయిల్ కిందా అంతే పసుపు. పిల్లలు నమ్మింది ఆ ట్యూబు చూశాకే.