మోనో రాక్ పాటకి స్టీరియో: డెమక్స్ చాలాకాలం వాడాక

పాత మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం) రాక్ పాటని స్టీరియో (ఎడమకీ కుడికీ వేర్వేరు శబ్దం) చెయ్యాలనుకునేవాళ్లకి, పాటలోని గొంతునీ వాద్యాలనీ విడగొట్టే డెమక్స్‌ని మించిన ఉచిత సాధనం నాకైతే దొరకలేదు. ఏళ్లుగా వాడుతున్నాను. అది విడగొట్టి ఇచ్చే ట్రాకుల్ని ఎడమకీ కుడికీ ఎంత దూరం జరుపుతామన్న దగ్గరే పని చెడినా బాగుపడినా. తక్కువ జరపండి. ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది అదే.

ఫేస్‌బుక్ పరిశోధన విభాగంలో 2019లో పుట్టిన ఈ డెమక్స్ పాటని డ్రమ్స్, బేస్, గొంతు, మిగతావి (గిటార్లు ఇందులోకే వస్తాయి) అని నాలుగు ట్రాకులు చేస్తుంది. నేను నాలుగో వెర్షన్‌ని అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే ఉచిత ప్రోగ్రాంలో నడుపుతాను, కమాండ్లు టైపు చేసే బాధ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే పాట నిడివికి సుమారు ఒకటిన్నర రెట్ల టైం పడుతుందని తయారుచేసినవాళ్లే రాశారు. ఫైన్ ట్యూన్ చేసిన, అంటే ఇంకాస్త సానబట్టిన మోడల్ అయితే దానికి నాలుగింతలు. అంటే రెండున్నర నిమిషాల పాటకి పావుగంట. అయినా నేను దాన్నే వాడతాను, గొంతు చివర్లు తెగకుండా వస్తాయి.

డెమక్స్‌కి ఇచ్చే ముందే సగం పని ఉంది. మా బాబాయి దాచిన ఈపీ (చిన్న సైజు) రికార్డులు కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో అచ్చయినవి. మా గోదావరి జిల్లాల తేమకి రికార్డులకి బూజు పట్టడం మామూలే. కడిగి, పూర్తిగా ఆరాకే వాయించాలి. లేకపోతే ఆ చిటపటలన్నీ డ్రమ్స్ ట్రాకులోకి వచ్చి కూర్చుంటాయి. మోనో రికార్డులో పాట ఉండేది గాడి పక్కలకి ఊగడంలోనే. స్టీరియో ముల్లు పైకీ కిందకీ ఊగే చప్పుడు కూడా పట్టుకుంటుంది, అందులో ఉండేది దుమ్మూ గీతలే. ఎడమ, కుడి ఛానళ్లని కలిపేస్తే అది చాలావరకు పోతుంది. కలిపాకే డెమక్స్‌కి ఇవ్వండి.

నేర్చుకోవడానికి బీటిల్స్ వాళ్ల 'షి లవ్స్ యూ' మంచి పాట. 1963లో రెండు ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. ఆ టేపు ఇప్పుడు లేదు, అన్నీ కలిపేసిన మోనో మాస్టర్ టేపే మిగిలింది. 2023లో వచ్చిన అధికారిక స్టీరియో కూడా కంప్యూటర్‌తో విడగొట్టి చేసిందే. మనది దాని పక్కన పెట్టి వినొచ్చు.

విడగొట్టాక డ్రమ్స్ ట్రాక్ ఒక్కటే హెడ్‌ఫోన్‌లో వినండి. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ సగం తెరిచి కొట్టే హైహ్యాట్ (జంట తాళాల్లాంటి సింబల్స్) రొదా, గిటార్ల పదునూ ఒకే ఫ్రీక్వెన్సీల్లో పడతాయి. అందుకే హైహ్యాట్ వెనకాల గిటార్ నీడ కదులుతూ ఉంటుంది, ఒక్కోచోట సింబల్ నీళ్లలో మునిగి తేలుతుంది. నాలుగు ట్రాకులూ మధ్యలో ఉన్నంతసేపు ఈ లోపాలు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. డ్రమ్స్‌ని పూర్తిగా ఎడమకీ గిటార్లని పూర్తిగా కుడికీ తోస్తే మొత్తం బయటపడతాయి. నేను గొంతూ బేసూ మధ్యలోనే ఉంచి, డ్రమ్స్‌ని 15 శాతం ఎడమకి, గిటార్లని 30 శాతం కుడికి జరుపుతాను. గిటార్లకి కొంచెం రెవర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) మాత్రం ఎడమవైపు నుంచి ఇస్తాను. ఇంత తక్కువేంటి అనిపిస్తుంది గానీ, గది తెరుచుకున్నట్టు తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన పని. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రాంలో నాలుగు ట్రాకులూ పెట్టి, అసలు మోనో పాటని ఇన్వర్ట్ చేసి (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి) వాటితో కలపండి. నిశ్శబ్దం రాదు. సన్నటి హిస్, గది మోత, అక్షరాల చివర్లు మిగులుతాయి. అవి మోడల్ వదిలేసినవి. ఆ మిగులుని ఇంకోసారి ఇన్వర్ట్ చేసి, అయిదో ట్రాకుగా మధ్యలో వెయ్యండి. పాటలోకి ప్రాణం తిరిగొస్తుంది. నా లెక్కలో ఈ ఒక్క అడుగు అన్ని సెట్టింగుల పెట్టు.

మన స్టీరియో మళ్లీ మోనోలో వాయించినా చెడకూడదు, ఆ చివరి పరీక్ష మా ఊరి మైకుసెట్టు షాపులో చేస్తాను. జాతరలకి కట్టే హారన్లు మోనోనే కదా. ఒకే పాటని ఆలస్యం కలిపి వెడల్పు చేసే వైడెనర్‌తో ఒక కాపీ, డెమక్స్‌తో ఒక కాపీ తీసుకెళ్లాను. మొదటిది పెట్టగానే షాపాయన "గొంతేదండీ బాబూ, పీలగా వస్తంది?" అన్నాడు. ఆలస్యంగా వచ్చిన శబ్దం మోనోలో అసలుతో కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టుకుపోతాయి, అందుకే అలా అవుతుంది. రెండోది దాదాపు అసలు రికార్డులాగే వచ్చింది, గిటార్లు మాత్రం ఒక డెసిబెల్ పైచిలుకు తగ్గాయి. పక్కకి జరిపినప్పుడు ఆ మేరకు పెంచుకుంటే సరి.

లోటుపాట్లూ ఉన్నాయి. రెండు గిటార్లుంటే రెండూ 'మిగతావి'లోనే పడతాయి, కలిసి పాడే రెండు గొంతులు విడిపోవు. ఆరు ట్రాకుల మోడల్లో గిటార్ పర్వాలేదు గానీ పియానో బాగా రాదు. మోనోలో కుడిఎడమల ఆధారం ఉండదు కాబట్టి డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని కావాలని గరగరలాడించడం) మరీ ఎక్కువున్న పాటలు ముద్దగానే వస్తాయి, అలాంటివి నేను మోనోలోనే వింటాను. పాత తెలుగు సినిమా పాటలు కూడా వేసి చూశాను. తబలా సగం డ్రమ్స్‌లోకీ సగం బేస్‌లోకీ పోయింది, వీణా వయొలిన్లూ ఒకే కుప్పలో పడ్డాయి. వాటికి మాత్రం డెమక్స్‌ని నేను సిఫారసు చెయ్యను.