పెట్టె మీద 600, లోపల 433: పాత ల్యాప్‌టాప్‌కి ఒక వైఫై అడాప్టర్

ముందే చెప్పేస్తాను, ఈ యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనుక్కోవచ్చు. వెయ్యి రూపాయల లోపు వస్తువు. ల్యాప్‌టాప్ బాగానే ఉండి వైఫై ఒక్కటే ఏడిపిస్తుంటే దీంతో ఇంకొన్నేళ్లు గడుపుకు రావచ్చు. అయితే పెట్టె మీది అంకెలు నమ్మి కొనకండి. పెట్టగానే పనిచేసేస్తుందని కూడా అనుకోకండి.

మాది ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో కూర్చుని జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. నా దగ్గరున్న వ్యాపారుల జీఎస్టీ నంబర్లు కొన్ని 21తో మొదలవుతాయి, కొన్ని 37తో. మొదటివి ఒడిశావి, రెండోవి ఆంధ్రావి. ఊరు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అంకె మారిపోతుంది. మనుషులు మాత్రం ఇటూ అటూ ఒకరే, తొందరా ఒకటే. ప్రతి నెలా 11కి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20కి పన్ను లెక్క తేల్చే 3బీ. 19 రాత్రి ఓటీపీ వచ్చాక పేజీ తిరుగుతూ ఉండిపోతే పడే టెన్షన్ ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది.

ఇల్లు మా మామగారి నాన్నగారు కట్టించింది. వీధి అరుగు, ముందు గది, మధ్య గది, వంటిల్లు, పెరడు, అన్నీ ఒకదాని వెనక ఒకటి. పక్కింటికీ మాకూ ఒకటే గోడ. ఫైబర్ వైరు వీధి వైపు నుంచి వస్తుంది కాబట్టి రౌటర్ ముందు గదిలో ఉంది. నా బల్ల మధ్య గదిలో. రెండింటి మధ్య మూరెడు మందం సున్నపు గోడ. రౌటర్ రెండు బ్యాండ్లలో, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు దారుల్లో, సిగ్నల్ ఇస్తుంది. నా ల్యాప్‌టాప్ లోపలి కార్డు 2.4 మాత్రమే పట్టే పాత రకం. వైఫై జాబితా తెరిస్తే మా వరసలో ఎవరెవరు కనెక్షన్ పెట్టించుకున్నారో మొత్తం తెలిసిపోతుంది. 2.4లో ఒకదానితో ఒకటి గొడవ పడకుండా పనిచేసే ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఇన్ని ఇళ్లూ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. 100 ఎంబీపీఎస్‌కి డబ్బు కడుతుంటే నా బల్ల దగ్గరికి 15 నుంచి 20 చేరేది, సాయంత్రం సీరియళ్ల వేళకి 8. అదే బల్ల మీద పెట్టిన ఫోన్‌లో 90 దాకా వచ్చేది. అంటే జబ్బు కనెక్షన్‌ది కాదు, ల్యాప్‌టాప్‌దే.

లోపలి కార్డే మార్చేయొచ్చు కదా అంటారు. మార్చొచ్చు. కానీ కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) తన జాబితాలో లేని కార్డు కనిపిస్తే ఆన్ చేయగానే మొరాయించి అక్కడే ఆగిపోతుంది. పైగా విప్పాలి, సన్నటి యాంటెన్నా వైర్లు పీకి మళ్లీ తగిలించాలి. బయటి అడాప్టర్‌కి ఆ బెడద లేదు. నచ్చకపోతే లాగేస్తే సరి.

బజార్లో ఒక కంప్యూటర్ దుకాణంలో కొన్నాను. దుకాణం ఆయన ఒడియా మనిషే, తెలుగు మాత్రం నాకన్నా గడగడా మాట్లాడతాడు. "ఏటుంది మేడమ్ దీంట్లో, పెట్టీడం, వాడీడం, అంతే" అన్నాడు. ఆ తర్వాత "బిల్లు కావాలా?" అని కూడా అడిగాడు. నన్ను! కావాలన్నాను. 18 శాతం పన్నుతో సహా రాసిచ్చాడు. వారంటీ ఏడాది. బిల్లు లేకపోతే ఆ వారంటీ మాట వరసకే మిగులుతుంది కాబట్టి మీరూ అడిగి తీసుకోండి.

ఇక పెట్టె సంగతి. పైన పెద్దక్షరాలతో 600 అని ఉంటుంది. అది ఎక్కడిదంటే, 2.4లో 150, 5 గిగాహెర్ట్జ్‌లో 433, రెండూ కలిపితే 583, దాన్ని గుండ్రం చేసి 600. ఈ అడాప్టర్ ఒకేసారి ఒక్క బ్యాండ్‌లోనే పనిచేస్తుంది కాబట్టి ఆ కూడిక ఏ క్షణంలోనూ నిజం కాదు. ఇలాంటి కూడిక నేను రిటర్నులో చూపిస్తే మర్నాడే నోటీసు వస్తుంది. 433 కూడా గాల్లో అడాప్టర్‌కీ రౌటర్‌కీ కుదిరిన లెక్క, చేతికొచ్చేది అందులో సగమో, ఇంకాస్త ఎక్కువో. 100 ప్లాన్ ఉన్నవాళ్లకి అది చాలా ఎక్కువే. 300 ప్లాన్ ఉన్నవాళ్లు మాత్రం రెండు యాంటెన్నాల రకం, యూఎస్‌బీ 3.0ది చూసుకోవాలి.

బ్రాండు పేరు నేను రాయడం లేదు, ఎందుకంటే దానికి పెద్ద అర్థం లేదు. ఇదే వస్తువు రకరకాల పేర్లతో, రకరకాల డబ్బాల్లో దొరుకుతుంది. చూడాల్సింది లోపలి చిప్పు. నాది రియల్‌టెక్ 8811సీయూ. అడాప్టర్ ఎలా నడుస్తుందో, ఏ డ్రైవర్ (కంప్యూటర్ దాన్ని వాడుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) కావాలో అన్నీ దాన్ని బట్టే. డబ్బా మీద లేకపోతే దుకాణంలోనే ఒక కంప్యూటర్‌కి పెట్టించి డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా ఉండే చోటు) పేరు చూపించమనండి.

ఇంటికొచ్చి పెట్టగానే వైఫై బదులు ఒక సీడీ డ్రైవ్ కనిపించింది! తెలియనివాళ్లు పెన్‌డ్రైవ్ అంటగట్టారేమో అనుకుని వెనక్కి ఇచ్చేస్తారు. అది లోపం కాదు. ఈ చిప్పు మొదట తనను సీడీగా చూపించుకుంటుంది, డ్రైవర్ అందులోనే ఉంటుంది. అది తెరిచి సెటప్ నడిపితే ఆ సీడీ మాయమై డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద రియల్‌టెక్ 8811సీయూ అని కొత్త వరస పుడుతుంది. సీడీ మాయం కాకపోతే దాని మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టండి, అప్పుడు అసలు రూపం బయటపడుతుంది.

ఈ సీడీ వేషం లేని అడాప్టర్లూ ఉంటాయి. వాటికి డ్రైవర్ నెట్‌లోంచి దించుకోవాలి. నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లవదు. దీనికి తేలిక దారి ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడం. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే విండోస్ వేరే ఏమీ అడగకుండా నెట్ ఇచ్చేస్తుంది. చాలాసార్లు ఆ డ్రైవర్‌ని కూడా తనే దించుకుంటుంది.

డ్రైవర్ పడినంత మాత్రాన అయిపోలేదు. కింద మూలన వైఫై, వైఫై 2 అని రెండు కనిపిస్తాయి. లోపలి పాత కార్డు కూడా బతికే ఉంది కదా. అలా వదిలేస్తే ఏది దేనికి తగులుకుందో తెలియక, స్పీడు పెరగలేదేమిటని అడాప్టర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. డివైస్ మేనేజర్‌లో పాత కార్డు మీద రైట్ క్లిక్, డిసేబుల్. తీసేయక్కర్లేదు, ప్రయాణంలో అక్కరకొస్తుంది. కొత్తదానికి పాస్‌వర్డు మళ్లీ కొట్టాలి, విండోస్ ఏ కార్డుకి ఆ కార్డు విడిగా గుర్తుపెట్టుకుంటుంది.

తర్వాత రౌటర్. మా రౌటర్ రెండు బ్యాండ్లకీ ఒకటే పేరు పెట్టుకుని ఉంది. అడాప్టరేమో అలవాటుగా 2.4నే పట్టుకుంటోంది, గోడలు దాటి అదే గట్టిగా వినిపిస్తుంది మరి. రౌటర్ పేజీలోకి వెళ్లి 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టాను, ఛానెల్ ఆటోలోంచి తీసి 36కి మార్చాను. మన దేశంలో 2018 నుంచి 5 గిగాహెర్ట్జ్‌లో చాలా ఛానెళ్లు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. కానీ వంద పైన ఉండే మధ్య ఛానెళ్లను కొన్ని చవక అడాప్టర్లు చూడనే చూడవు. రౌటర్ ఆటోలో అటు వెళ్లిపోతే మీ నెట్‌వర్క్ పేరే జాబితాలోంచి పోతుంది. 36 నుంచి 48 లోపు పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

ఫలితం: మధ్య గదిలో 80 నుంచి 90. ఫోన్‌తో సమానం. సీరియళ్ల వేళలో కూడా పడిపోవడం లేదు. వంటింట్లోకి తీసుకెళ్తే 40 అవుతుంది, పెరట్లో 5 గిగాహెర్ట్జ్ పూర్తిగా చేతులెత్తేస్తుంది. మూడో గోడ దాని వల్ల కాదు. పెరట్లో పనిచేసుకునేవాళ్లు 2.4తో సర్దుకోవాల్సిందే, లేదా రౌటర్‌ని మధ్య గదికి జరపాలి. మా వాళ్లు ఒప్పుకోలేదు, టీవీ ముందు గదిలో ఉందని.

విసిగించిందొకటి ఉంది. ల్యాప్‌టాప్ మూసి, భోంచేసి వచ్చి తెరిస్తే అడాప్టర్ లైటు వెలగదు. లాగి మళ్లీ పెడితే గానీ లేవదు. ఇది కరెంటు పొదుపు పేరుతో విండోస్ దాన్ని నిద్రపుచ్చడం వల్ల. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్, అక్కడ కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి అనుమతినిచ్చే టిక్కు తీసేయండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా డిసేబుల్ చేశాక మా ఇంట్లో ఆ గొడవ పోయింది. దుకాణంలో ఈ ముక్క ఒక్కటి చెప్పి ఉంటే బాగుండేది.

రెండోది, పోర్టుల దగ్గర ఇరుకు. నాకు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఉండాలి, మౌస్ డాంగిల్ ఉండాలి, నెలాఖరుకి బ్యాకప్ హార్డ్ డిస్క్ పెట్టాలి. ఈ అడాప్టర్ వెడల్పుకి పక్క పోర్టు సగం మూసుకుపోతోంది. దానికి తోడు, నీలం రంగు 3.0 పోర్టులో హార్డ్ డిస్క్ కాపీ అవుతుంటే పక్కనున్న వైర్‌లెస్ మౌస్ తడబడుతుంది, అడాప్టర్ 2.4లో ఉంటే నెట్ కూడా. యూఎస్‌బీ 3.0 నుంచి 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రొద పుడుతుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసింది. మూరెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి అడాప్టర్‌ని ల్యాప్‌టాప్ వెనక నిలబెట్టాను. రొద తగ్గింది, పక్క పోర్టు ఖాళీ అయింది, వేడెక్కినా ల్యాప్‌టాప్‌కి తగలడం లేదు. మే నెల మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది గానీ ఆగిపోలేదు. ఆ కేబుల్ డబ్బాలోనే ఇవ్వాల్సింది. ఇవ్వనందుకు అయిదు చుక్కల్లో ఒకటి కోత.

ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకు వచ్చినప్పుడు దాన్ని పట్టుకుపోయి తన ఉబుంటు (విండోస్ బదులు వాడే ఒక రకం లినక్స్) కంప్యూటర్‌లో పెట్టుకున్నాడు. "పిన్నీ, ఇది ఏమీ అడక్కుండానే వచ్చేసింది" అన్నాడు. వాడిది 24.04. లినక్స్ కర్నెల్ (దాని గుండెకాయ లాంటి భాగం) 6.2 నుంచి ఈ చిప్పు డ్రైవర్ లోపలే ఉంది. 22.04 మొదట వచ్చిన 5.15 కర్నెల్‌తోనే నడిపేవాళ్లకి అంత సుఖం లేదు, డ్రైవర్‌ని విడిగా తెచ్చి కట్టుకోవాలి, కర్నెల్ మారినప్పుడల్లా చూసుకోవాలి. లినక్స్ కోసమే కొనేవాళ్లు కాస్త ఎక్కువ పెట్టి మీడియాటెక్ 7612యూ చిప్పుది వెతుక్కోండి, దాని డ్రైవర్ 4.19 నుంచే ఉంది.

యూఎస్‌బీ హబ్‌కి (ఒక పోర్టుని నాలుగైదు చేసే డబ్బా) పెట్టాలనుకుంటే వేరే కరెంటు ప్లగ్గు ఉన్న హబ్ కొనండి. మామూలు 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. చవక హబ్‌లో టోకెన్, మౌస్, హార్డ్ డిస్క్, ఇది నాలుగూ ఆ కరెంటునే పంచుకుంటే ముందు పడిపోయేది ఇదే, అదీ సరిగ్గా 3బీ సబ్మిట్ నొక్కేటప్పుడు.