కారు గ్రిల్‌కి అడ్డం ఏది మేలు: అట్టా, సన్‌ప్యాక్ షీటా, ఏసీ గొట్టం రబ్బరా?

నెలకోసారి బెంగళూరు మారతహళ్లి నుంచి అనంతపురం వెళ్లొస్తాం. దేవనహళ్లి దాటాక బండి 80 మీద నిలకడగా పోతుంది. 40లో పోయినప్పటికంటే 80లో గాలి నాలుగింతలు ఎదురు తోస్తుంది. బండి ముందుండే గ్రిల్ సందుల్లోంచి దూరిన గాలి రేడియేటర్ దాటి, ఇంజన్ చుట్టూ సుడి తిరిగి కిందనుంచి పోతుంది. ఆ సుడి కూడా బండిని వెనక్కి లాగేదే. గ్రిల్ కొంత మూస్తే లాగుడు తగ్గుతుంది, డిసెంబరు తెల్లవారుజామున ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. కొన్ని కొత్త కార్లకు తెరుచుకుని మూసుకునే రెక్కలు కంపెనీవాళ్లే బిగించి ఇస్తున్నది ఇందుకే. అలాగని మైలేజీ లీటరుకు అయిదారు కిలోమీటర్లు పెరుగుతుందని ఆశపడొద్దు.

అట్టపెట్టె ముక్క కొలతకే పనికొస్తుంది. గ్రిల్ మీద పెట్టి గీత గీసుకోండి, కత్తిరించి సరిచూసుకోండి, అంతే. ఒక్క వాన చాలు, నాని జారిపోతుంది.

టు-లెట్ బోర్డులు రాసే సన్‌ప్యాక్ షీటు తేలిక, తడవదు, బ్లేడుతో తెగుతుంది. గ్రిల్ ముందు జిప్ టైలతో బిగిస్తే నున్నగా ఉంటుంది కాబట్టి గాలి సంగతిలో దీన్ని మించింది లేదు. చిక్కల్లా తీయడంలోనే. టైలు కోయాలి, మళ్లీ కొత్తవి కట్టాలి. అందుకని బద్ధకించి అలాగే ఊళ్లోకి వచ్చేస్తాం. సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో బండి పాకుతుంటే ఎదురుగాలి ఉండదు, ఫ్యాన్ లాగే గాలే దిక్కు. పైగా ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్‌కి ముందే ఉంటుంది. దానికి గాలి ఆడకపోతే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. మిగిల్చిన డీజిల్ అక్కడే పోతుంది.

అందుకే నా ఓటు ఏసీ రాగిగొట్టానికి తొడిగే నల్ల రబ్బరు గొట్టానికి. ఇంట్లో ఏసీ బిగించినప్పుడు మిగిలిన ముక్క చాలు. గ్రిల్ పట్టీల మధ్య నొక్కి దూరిస్తే బిగుసుకుంటుంది, చేత్తో లాగితే వచ్చేస్తుంది. పనిముట్టు అక్కర్లేదు. కాకపోతే అడ్డపట్టీల గ్రిల్‌కే ఇది కుదురుతుంది. జల్లెడలాంటి గ్రిల్ అయితే సన్‌ప్యాకే గతి.

ఏది పెట్టినా పై గ్రిల్‌లో సగంతో మొదలుపెట్టండి. బంపర్ కింది నోరు మూయొద్దు, చాలా కార్లలో రేడియేటర్‌కి గాలి అక్కణ్నుంచే. ఇంజన్ గాలి పీల్చే గొట్టం, హారన్, లోగో వెనక రాడార్ ఉంటే అదీ వదిలేయండి. ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపే చిన్న పరికరం) పెట్టి కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, వేడి చూస్తూ నడపండి. మామూలుకంటే ఎక్కితే వెంటనే తీసేయాలి. ఎండాకాలం అనంతపురంలో 40 డిగ్రీలు దాటుతుంది, ఆ నెలల్లో అసలు పెట్టను. మిగతా నెలల్లో తిరుగు ప్రయాణంలో సాదహళ్లి టోల్‌కి ముందే బండి పక్కకి ఆపి గొట్టాలన్నీ లాగి డిక్కీలో పడేస్తాను.