అత్తమ్మ మెచ్చిన మట్టి

సంక్రాంతి వెళ్లాక వచ్చిన ఆదివారం, చేవెళ్ల దాటి లోపలికున్న ఓ ప్రకృతి వ్యవసాయ తోటకి ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చాం. పేరు రాయడం లేదు. నా కోపమేదో వాళ్ల ముందే చెప్పి వచ్చాను.

మెహిదీపట్నం నుంచి గంటన్నర పట్టింది. మొయినాబాద్ దాటాక రోడ్డుకి అటూ ఇటూ పాత మర్రిచెట్లు వస్తాయి చూడండి, టికెట్ డబ్బుల్లో సగం అక్కడే వసూలైపోయాయి. పెద్దలకి 800, పిల్లలకి 400. గుంటల లెక్కన ప్లాట్లు అంటగట్టే వెంచరేమోనని భయపడ్డాను గానీ, కాదు. నాలుగెకరాల చెలక. నెలకోసారి పట్నం కుటుంబాల్ని పిలిచి, పని చేయించి, అన్నం పెట్టి పంపుతారు.

"పైసలిచ్చి మరీ కలుపు తీస్తరా?" అని దారంతా అత్తమ్మ దెప్పుతూనే ఉంది. వికారాబాద్ దగ్గర పల్లెలో ఏళ్ల తరబడి పొలం పని చేసిన మనిషి.

ఆమె నోరు మూయించింది రెండు గాజు గ్లాసులు. అక్కడి కుర్రాడు తోటలోంచి ఓ ఎండు మట్టిగడ్డ, గట్టవతల ఏటా రోటవేటర్ (ట్రాక్టర్‌కి తగిలించి మట్టిని పొడి చేసే యంత్రం) వేసే చేన్లోంచి ఓ గడ్డ తెచ్చి నీళ్లలో వేశాడు. అవతలి గడ్డ బుడగలు కక్కుతూ కళ్లముందే చెదిరిపోయింది, నీళ్లు ఎర్రబడ్డాయి. తోట గడ్డ కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. సన్న వేళ్లు, బూజు దారాలు, సూక్ష్మజీవుల జిగురు మట్టిని పట్టి ఉంచుతాయట. ఆ పట్టు లేని నేల మీద వాన పడితే పైపొర మూసుకుపోతుంది, నీళ్లు ఇంకవు, మట్టిని ఈడ్చుకుపోతాయి. అత్తమ్మ తోట గడ్డని చిదిమి వాసన చూసి "మా నాయిన చేను గిట్లనే ఉండేది" అంది. కొంగు బిగించి పనిలోకి దిగింది.

తర్వాత జీవామృతం, అంటే నేలకి బలమని పులియబెట్టి పోసే ద్రావణం. 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. రెండు రోజులు నీడలో పులిస్తే ఎకరానికి సరిపోతుంది. మా చిన్నది ముక్కు మూసుకునే కర్ర తిప్పింది, ఫొటోకి మాత్రం చెయ్యి తీసింది. మొక్కల మొదళ్లలో ఎండుటాకు మందంగా కప్పారు. పక్కకి జరిపితే మిట్టమధ్యాహ్నం కూడా కింద చెమ్మ.

మధ్యలో భూమాతతో మౌనం అని అరగంట కళ్లు మూయించారు. అత్తమ్మ గుర్రు పెట్టింది. నలభై మందికి బాత్రూం ఒక్కటే.

భోజనానికి జొన్నరొట్టె, అనపగింజల కూర, పచ్చిపులుసు. వంక పెట్టడానికి లేదు. "మనమంతా ఒకే కుటుంబం" అని మైకులో చెబుతూనే ఉన్నారు, పొద్దున్నుంచీ పేడ ఎత్తి, రొట్టెలు చేసిన ఆ ఆలుమగలు మాత్రం రెండు దాటినా తినలేదు. ఆ నేల బాగుపడింది వాళ్ల రెక్కల మీదే కదా! అడిగితే "వాళ్లకి మొహమాటం మేడమ్, పిలిచినా రారు" అన్నారు నిర్వాహకులు. అత్తమ్మ వెళ్లి పెనం ముందు కూర్చుంది. "నువ్వు తిను బిడ్డా, మిగిలినయి నేను చేస్త." పిలిచినా రాదన్న ఆమె పిండి చేతులు కడుక్కుని వెంటనే కూర్చుంది.

ఐదుకి మూడిస్తున్నా. మట్టికి రెండు, పచ్చిపులుసుకి ఒకటి.