ప్రెషర్ బ్యారెల్ ట్యాప్‌కి మీటరున్నర సన్న పైపు: ఏళ్ల తరబడి వాడాక

ప్రెషర్ బ్యారెల్ అమ్మేవాళ్లు దాంతోపాటు మీటరున్నర సన్న పైపు కూడా ఎందుకు ఇవ్వరో నాకిప్పటికీ అర్థం కాదు. ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు బ్యారెల్ మీద చెప్పుకునే బాధల్లో సగం ఆ ఒక్క పైపుతో తీరిపోతాయి. గ్లాసు పట్టి ట్యాప్ తిప్పగానే ముప్పాతిక వంతు నురగ, అడుగున రెండు గుక్కల బీరు. నురగ దిగేదాకా ఆగడం, మళ్లీ కాస్త పట్టడం, మళ్లీ ఆగడం. ఈ తంతు అలవాటైపోయి చాలామంది బ్యారెల్ అంటే ఇంతేనని సరిపెట్టుకుంటారు. ఇంతే కాదు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ప్రెషర్ బ్యారెల్ అంటే పులిసిన బీరుని గ్యాసు ఒత్తిడితో మాగబెట్టి, అందులోంచే గ్లాసుల్లోకి పట్టుకునే 23 లీటర్ల ప్లాస్టిక్ పీపా, మూతలో ఎక్కువైన గ్యాసుని వదిలే రబ్బరు వాల్వు, అడుగున ట్యాప్. అంతకన్నా వర్ణించి చెప్పాల్సిన పనిలేదు కాబట్టి నేరుగా నురగ దగ్గరికి వస్తాను.

బీరులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పైన ఒత్తిడి ఉన్నంతసేపూ కదలకుండా ఉంటుంది. పీపాలో ఒత్తిడి 9 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే లెక్క) ఉందనుకోండి. గ్లాసు దగ్గర సున్నా. ఆ తేడా దారిలో ఎక్కడో ఒకచోట దిగి తీరాలి. ఉత్త ట్యాప్‌లో అది లోపలి సందులోనే, వేలెడంత దూరంలో, మొత్తం దిగిపోతుంది. బీరు అక్కడ జోరుగా దూసుకెళ్లి సుడులు తిరుగుతుంది, గ్యాసు ఒక్కపెట్టున బుడగలై బయటపడుతుంది. గ్లాసు దాకా వచ్చేది బీరు కాదు, అప్పటికే తయారైన నురగ. ఇక గ్లాసుని ఎంత ఏటవాలుగా పట్టినా, లోపల చల్లటి నీళ్లతో తడిపినా ఒరిగేది కొద్దే. కొండ మీంచి దూకిన నీళ్లు తెల్లగా నురగలు కక్కుతాయి, అంతే ఎత్తు నుంచి వాలు కాలువలో దిగిన నీళ్లు చప్పుడు చెయ్యకుండా దిగుతాయి. సన్న పైపు బీరుని ఆ రెండో దారిన తీసుకొస్తుంది. ఒత్తిడి పైపు పొడవునా కొంచెం కొంచెంగా గోడల రాపిడికి అరిగిపోతుంది. కొసకి వచ్చేసరికి బీరుకి తొందరేమీ ఉండదు.

నాకు ఇది పుస్తకాల్లోంచి రాలేదు. నాలాగే బీరు చేసుకునే మిత్రుడొకడు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ముదురు రంగు ఏల్ (ఇంగ్లండు తరహా బీరు) కొత్తగా మాగి ఉంది, ఒత్తిడి బాగా పట్టింది. మొదటి గ్లాసు ఎప్పటిలాగే నురగై పొంగి పళ్లెంలోకి కారింది. నేను రెండో గ్లాసుకి ట్యాప్‌ని జాగ్రత్తగా కొంచెమే తిప్పుతుంటే వాడు చెయ్యి అడ్డుపెట్టి, “అలా సగం తిప్పితే ఇంకా పొంగుద్దిరా, పూర్తిగా తిప్పు” అన్నాడు. పూర్తిగా తిప్పితే బీరు గోడకి కొట్టేలా ఉందన్నాను. “అందుకే పైపు కావాలనేది” అంటూ లేచాడు. అంతకుముందు ఎప్పుడో ఇంకో పనికి తెచ్చి చుట్టి పెట్టిన సన్న బీరు పైపు నా సామాన్లలోనే ఉంది. దాన్ని మరిగిన నీళ్లతో కడిగి, ట్యాప్ మూతికి పట్టే ఒక వెడల్పాటి సిలికాన్ ముక్కలోకి దూర్చి, రెండు చోట్లా క్లిప్పులు బిగించాడు. పైపు రెండో కొస గ్లాసు అడుగుకి ఆనించి ట్యాప్‌ని బార్లా తెరిచాడు.

ముందు ఒక గుప్పెడు నురగ వచ్చింది. పైపులో ఉన్న గాలి పోయేదాకా అది తప్పదు. ఆ తర్వాత వచ్చింది మాత్రం బీరు. గ్లాసు అడుగు నుంచి నల్లగా, నిదానంగా పైకి లేచింది. చివర్లో పైపుని కాస్త పైకి ఎత్తితే వేలెడు మందాన మీగడ రంగు నురగ కట్టింది. ఆ నురగ గ్లాసు ఖాళీ అయ్యేదాకా గోడలకి అంటుకునే ఉంది. అప్పటిదాకా ఆ బీరుకి అంత వాసన ఉందని నాకు తెలియదు. గ్యాసంతా ట్యాప్ దగ్గరే పోగొట్టుకున్న బీరు చప్పగా తయారవుతుంది, హాప్స్ (బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే పువ్వులు) వాసన కూడా గ్యాసుతోనే ఎగిరిపోతుంది. అదే పీపా, అదే బీరు, పది నిమిషాల తేడాలో రెండు వేరువేరు పానీయాలు తాగినట్టైంది. ఆ సాయంత్రం నుంచి ఇవాళ్టిదాకా పైపు లేకుండా ఒక్క గ్లాసు కూడా పట్టలేదు.

ట్యాప్ సగం తెరవడం గురించి ఇంకో మాట. పొంగుతోందంటే ఎవరి చెయ్యైనా ట్యాప్‌ని కట్టేయడానికే పోతుంది. కానీ సందు చిన్నదయ్యేకొద్దీ ఒత్తిడంతా అక్కడే దిగుతుంది, సుడులు ఇంకా పెరుగుతాయి. పైపు ఉన్నప్పుడు ట్యాప్‌కి రెండే స్థితులు ఉండాలి: పూర్తిగా తెరిచి ఉండటం, పూర్తిగా మూసి ఉండటం. వేగం సంగతి పైపు చూసుకుంటుంది.

పైపు లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉండాలి. 10 మిల్లీమీటర్ల పైపు ఎంత పొడుగున్నా పెద్దగా అడ్డుపడదు, దాన్ని తగిలించి “పైపు పనిచెయ్యలేదు” అనేవాళ్లని చూశాను. పొడుగు నాకు మీటరున్నర కుదిరింది. కొత్తగా ఒత్తిడి నిండి ఉన్న పీపాకి రెండు మీటర్లు ఇంకా మెరుగు, కాకపోతే పీపా సగానికి వచ్చాక ఆ పొడుగుతో గ్లాసు నింపడం విసుగు పుట్టిస్తుంది. పైపు ఆహారానికి వాడదగ్గదై ఉండాలి. క్లిప్పుల్ని తక్కువగా అంచనా వెయ్యొద్దు. ఉత్త ట్యాప్ మూతి దగ్గర ఒత్తిడి ఉండదు, పైపు పెట్టాక ఆ అతుకు మీద దాదాపు పీపాలో ఉన్నంత ఒత్తిడీ పడుతుంది. వదులుగా ఉంటే ఊడి వస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక ఒకటి చెప్పకపోతే అన్యాయం. ఘనత అంతా పైపుది కాదు. ఆ తర్వాత నేను మాగబెట్టేటప్పుడు వేసే పంచదార కూడా తగ్గించాను; బీరులో మిగిలిన ఈస్ట్ దాన్ని తినే గ్యాసు చేస్తుంది. 23 లీటర్లకి 85 గ్రాములు వేసేవాణ్ణి, చాలామంది వేసేది ఆ దాపునే. లీటరుకి 4 గ్రాముల పంచదార ఇంచుమించు ఒక ఘనపరిమాణం గ్యాసునిస్తుంది, అంటే లీటరు బీరుకి లీటరు గ్యాసు. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో అప్పటికే 0.85 దాకా మిగిలి ఉంటుంది. రెండూ కలిపితే 1.8. చల్లగా 12 డిగ్రీల దగ్గర ఉంచితే దానికి సుమారు 10 పీఎస్ఐ. అదే బీరుని 20 డిగ్రీల గదిలో వదిలేస్తే 16 దగ్గరికి ఎగబాకుతుంది. ఈ ప్లాస్టిక్ పీపాల మూతల్లో ఉండే రబ్బరు వాల్వు చాలావరకు 10 దాపునే తెరుచుకుంటుంది కాబట్టి మిగతాది బుస్సుమని బయటికే పోతుంది. అంటే వేసిన పంచదారలో కొంత వాల్వుకి నైవేద్యం, మిగిలింది నురగకి. ఇప్పుడు 50 గ్రాములే వేస్తున్నాను. లెక్క 1.4 దగ్గర ఆగుతుంది. ముదురు రంగు ఏల్‌కి, బిటర్ అనే చేదు ఏల్‌కి అది చాలినంత. పీపాల్లో మాగి చేతిపంపుతో వచ్చే సంప్రదాయపు ఇంగ్లీషు ఏల్‌లో కూడా గ్యాసు ఇంతే, ఇంకా తక్కువే ఉంటుంది.

ఈ లెక్క చూస్తే చల్లదనం ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. పంచదార, పైపు, పీపా ఏవీ మార్చకుండా ఎనిమిది డిగ్రీలు దించితే చాలు, ఒత్తిడి బాగా పడిపోతుంది, గ్యాసు బీరులోనే నిలుస్తుంది. చలి రోజుల్లో నా పైపు చేసినంత అందంగా వేసవిలో చెయ్యదు. వేసవిలో పైపుని చుట్టగా చుట్టి ఐసు నీళ్ల గిన్నెలో ముంచి ఉంచుతాను. వెచ్చటి పైపులోకి వచ్చిన బీరు దారిలోనే గ్యాసు వదిలేస్తుంది, అందుకని ఈ చిన్న శ్రమకి ఫలితం బాగానే ఉంటుంది. అయినా మొదటి గ్లాసు చలికాలపు మొదటి గ్లాసులా ఉండదు.

పీపా సగం దిగాక కథ తిరగబడుతుంది. బీరు తగ్గేకొద్దీ పైన ఖాళీ పెరుగుతుంది, ఉన్న గ్యాసు ఆ ఖాళీలో పలచబడుతుంది, ధార నీరసిస్తుంది. ఇప్పుడు పైపు అడ్డంకిగా మారుతుంది. పీపాని ఎత్తైన బల్ల మీద పెట్టి పైపుని కిందికి వేలాడదీస్తే కొంత సాయం దొరుకుతుంది. మీటరు ఎత్తు తేడా 1.4 పీఎస్ఐతో సమానం, ఆ దశలో అది తక్కువేమీ కాదు. ధార ఇంకా బలహీనపడితే వెంటనే ట్యాప్ మూసి గ్యాసు ఎక్కించాలి. లేకపోతే పీపా బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. గుడగుడమంటూ వెళ్లిన గాలి అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డిని రేపుతుంది, కొద్దిరోజుల్లోనే బీరుకి తడిసిన అట్ట వాసన పట్టిస్తుంది.

8 గ్రాముల చిన్న గ్యాసు బల్బులు (కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న స్టీలు బుడ్డీలు) దీనికి పనికొస్తాయి. ఒక్కోదానిలో గది వేడిమి దగ్గర నాలుగు లీటర్లకి కాస్త పైన గ్యాసు ఉంటుంది, అంటే మహా అయితే నాలుగు లీటర్ల బీరుని బయటికి తొయ్యగలదు. ఉత్త ట్యాప్ రోజుల్లో బల్బు ఎక్కించిన వెంటనే బీరు పట్టడమంటే నురగ స్నానమే. పైపు వచ్చాక ఆ భయం పోయింది. తరచుగా తాగేవాళ్లకి బల్బుల కన్నా మరతో బిగించే సిలిండరే నయం, మూతకి తగిన వాల్వు ఉండాలి అంతే.

పైన ట్యాప్ ఉండి, లోపల తేలే గొట్టంతో బీరుని పైభాగం నుంచి తీసుకునే పీపాని గతంలో అడిగినవాళ్లందరికీ గట్టిగా సిఫారసు చేశాను. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. మడ్డి రాని తేటబీరు కావాలంటే ఇప్పటికీ దాన్ని మించింది లేదు, మడ్డి రేణువులు తగ్గితే వాటి చుట్టూ పుట్టే బుడగలూ తగ్గుతాయి. కానీ నురగకి అసలు కారణం ట్యాప్ లోపలి సందు అయినప్పుడు, ఆ ట్యాప్ పైన ఉన్నా కింద ఉన్నా ఒకటే. నా రెండు రకాల పీపాల్లోనూ తేడా తెచ్చింది పైపే.

పైపుకి చాకిరీ ఉంది, అది దాచను. బీరు నిలిచిపోయిన పైపు రెండు రోజుల్లో పుల్లబారుతుంది. తాగడం అయ్యాక ప్రతిసారీ ఊడదీసి, నీళ్లు పోనిచ్చి, శుద్ధి చేసే ద్రావణం నింపి ఒంపేయాలి. సన్న పైపు లోపలికి బ్రష్ దూరదు కాబట్టి గోడలు పసుపుబారితే పారేసి కొత్తది వేసుకోవడమే మేలు. రోజుకి ఒక్క గ్లాసు తాగి లేచిపోయేవాళ్లకి ఈ కడగడం బరువనిపించవచ్చు. మా ఇంట్లో ఇద్దరం, వారాంతంలో తీరిగ్గా కూర్చుని తాగుతాం కాబట్టి నాకు భారం కాలేదు.

పీపా మిగతా విషయాల్లో నాకు పెద్ద ఫిర్యాదులు లేవు. మూత వాషర్ ఒకసారి గ్యాసు నిలపలేదు. సబ్బు నీళ్లు రాస్తే బుడగలు ఎక్కడ లేస్తున్నాయో కనిపించింది, వాషర్ మార్చి ఆహారానికి వాడదగ్గ సిలికాన్ గ్రీజు పూస్తే సరిపోయింది. మూతని బలంగా బిగించేకొద్దీ వాషర్ నలిగి ఇంకా కారుతుంది, చేత్తో బిగించినంత చాలు.

కొనమంటానా అంటే, నాలాగా తక్కువ గ్యాసు ఉండే ముదురు ఏల్ ఇష్టపడేవాళ్లకి, పీపా పెట్టుకునేందుకు కాస్త చల్లటి మూల ఉన్నవాళ్లకి, మొదటి రోజే పైపు తగిలించేట్టయితే కొనుక్కోమంటాను. లాగర్ (లేత రంగు, గ్యాసు ఎక్కువుండే బీరు) తాగేవాళ్లకి చెప్పలేను. దానికి 2.5 ఘనపరిమాణాల గ్యాసు కావాలి, 12 డిగ్రీల దగ్గర అది 19 పీఎస్ఐ దాకా. ఈ ప్లాస్టిక్ మూత అంత పట్టి ఉంచదు. మొత్తం పీపాని 4 డిగ్రీలకి దించగలిగే ఫ్రిజ్ ఉంటే 11 పీఎస్ఐ దాపుతో గట్టెక్కవచ్చు, కానీ అంత ఫ్రిజ్ ఉన్నవాళ్లు 19 లీటర్ల స్టీలు కెగ్ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే పీపా) తీసుకోవడమే మంచిది. అక్కడా లెక్క ఇదే: 5 మిల్లీమీటర్ల పైపు, పూర్తిగా తెరిచిన ట్యాప్. ఒత్తిడి ఎక్కువ కాబట్టి పైపు మాత్రం మీటరున్నర చాలదు, రెండు మీటర్ల పైనే పెట్టి, ధార చూసుకుంటూ కొంచెం కొంచెంగా కోసుకుంటూ రావాలి.